సముద్రం బందైన పూట

దీవులకు వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తారు. చుట్టాల పిల్లలు, వాళ్ళ స్నేహితులు, కొత్తగా పెళ్ళయిన జంటలు. "ఆంటీ, రిసార్ట్‌కు పోతున్నం, ఏమేం పట్టుకపోవాలె?" అని అడుగుతారు. నేను ఓపిగ్గా చెబుతాను. రోజూ వేసుకునే మాత్రలు పెద్ద సంచిలో కాదు, చేతి సంచిలో పెట్టుకోండి, అక్కడ మందుల షాపు ఉండదు. ఆవకాయ సీసా చేత్తో పట్టుకుని విమానం ఎక్కనివ్వరు, గేటు దగ్గర పోట్లాడి పరువు తీసుకోకండి. ఫోన్‌కు సిగ్నల్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు, ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి. తిరుగు విమానానికి ముందురోజే పెద్ద ఊరు చేరుకోండి, గాలి మారితే పడవ కదలదు, మీ మామ ఎమ్మెల్యే అయినా కదలదు. ఇవన్నీ విని, "ఇంకేమన్న ఉన్నదా ఆంటీ?" అంటారు. ఇంకొకటి ఉంది. అది ఫోన్లో చెప్పడం నాకు చేతకాదు. ఎక్కడ మొదలుపెట్టినా గొంతు లేస్తుంది, అవతలి పిల్ల భయపడుతుంది. అందుకే రాస్తున్నాను.

నేను సూర్యాపేటలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో పనిచేసి మానుకున్నదాన్ని. మొదట్లో ఫోన్లు ఎత్తేదాన్ని. టూర్లకు ఆడవాళ్ళు కూడా రావడం ఎక్కువయ్యాక, గుంపు వెంట ఒక ఆడమనిషి ఉంటే బాగుంటుందని మా ఓనరుకు తోచింది. అట్లా నాకు విమానం ఎక్కే యోగం పట్టింది. మా ఇంట్లో అందరికీ అది పెద్ద గొప్ప. నిజానికి నా పని ఎవరి సంచి రాలేదు, ఎవరికి కిటికీ సీటు కావాలి, ఎవరి గదిలో ఏసీ పనిచేయడం లేదు అని పరుగులు పెట్టడమే. సముద్రం ఒడ్డున నిలబడి ఫోటో దిగిన టూరు ఒక్కటి కూడా గుర్తులేదు.

మా గిరాకీలో ఎక్కువమంది ఎరువుల, పురుగుమందుల దుకాణదారులు. సీజన్లో సరుకు బాగా అమ్మినవాళ్ళను కంపెనీలు భార్యాసమేతంగా టూర్‌కు పంపుతాయి. తుంగతుర్తి నుంచి కోదాడ దాకా, అటు మిర్యాలగూడ దాకా ఎక్కడెక్కడి దుకాణాలవాళ్ళో ఒక గుంపవుతారు. వానాకాలమంతా ధూళిలో, మందుల వాసనలో కూర్చున్న మనిషి చలికాలంలో పూల చొక్కా వేసుకుని కొబ్బరి బోండాం తాగుతాడు. అది తప్పని నేను ఏనాడూ అనుకోలేదు.

ఈ గుంపులకు ఒక అలవాటు ఉంది. ఎక్కడికి వెళ్ళినా వంటాయన వెంట రావాల్సిందే. రిసార్ట్‌వాళ్ళు బల్ల నిండా ఎన్ని రకాలు పేర్చినా, చివరికి అందరూ గదులకు వచ్చి "కడుపుల పడ్డట్టే లేదు" అంటారు. మన బియ్యం, మన కారం, మన పప్పు ఉండాలి. కాబట్టి బియ్యం బస్తాలు, పచ్చళ్ళ డబ్బాలు, పెద్ద గిన్నెలు, వాటితోపాటు వంటాయన. మా ఆఫీసులో ఇదంతా సామాను కిందే లెక్క.

మా టూర్లకు వచ్చే వంటాయనది వేములపల్లి దగ్గర. పెళ్ళిళ్ళకు వండే మనిషి, అందరూ మాస్టర్ అని పిలిచేవారు. యాభై దాటిన వయసు, బక్కపలచటి ఒళ్ళు, షుగర్ జబ్బు. పొయ్యి దగ్గరికి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. నేను కూర ఎంతవరకు వచ్చిందని తొంగిచూసినా ఊరుకునేవాడు కాదు. "మేడం, మీరు ఇమానాల సంగతి సూడుండ్రి, అన్నం సంగతి నేను సూస్త" అనేవాడు. ఆ గర్వం నాకు నచ్చేది. గుంపంతా తిని లేచాక మేమిద్దరం వెనకాల కూర్చుని తినేవాళ్ళం. ఇంత ఆఫీసులో నాకు సాటి ఉద్యోగి అనిపించింది ఆయనొక్కడే.

నేను చెప్పబోయే టూరు అండమాన్ వైపు, ఒక చివరి దీవికి. విమానం దిగి ఓడ ఎక్కాలి, ఓడ దిగి రిసార్ట్‌వాళ్ళ పడవ ఎక్కాలి. దవాఖాన పక్క దీవిలో ఉంది, దానికీ పడవే దిక్కు. నీళ్ళలో దిగేవాళ్ళంతా రబ్బరు బూట్లు తెచ్చుకోవాలని రిసార్ట్‌వాళ్ళు ముందే చెప్పారు. గుంపుకంతా తెప్పించాం. మాస్టర్‌కూ ఒక జత కావాలని నేను ఓనరును అడిగాను.

ఆయన నవ్వాడు. "ఆయనకెందుకమ్మా బూట్లు? పొయ్యికాడ ఉండేటోడు. సముద్రంల వండుతడా ఏంది అన్నం?"

"ఆయనవి గూడ కాళ్ళే గద సార్."

"జర టూరిస్టుల ముచ్చట్లు టూరిస్టులకు చెప్పు, నాకు చెప్పకు" అన్నాడు. అక్కడికి ఖతం. బీమా సంగతీ అంతే. అతిథులకు ఉంది, మాస్టర్‌కు లేదు.

పోనీ నేనే ఒక జత కొంటానన్నాను మాస్టర్‌తో. ఆయనా నవ్వాడు. "చెప్పులే ఎక్కువ నాకు. గవి ఏసుకుంటె కాళ్ళు ఉడుకుతయి మేడం" అన్నాడు. బలవంతపెట్టి ప్రయోజనం లేని మనిషి.

బయలుదేరే ముందు మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాలులో గుంపునంతా కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పాను. దోమల మందు, టోపీ, మాత్రలు, అన్నీ అయ్యాక సముద్రం సంగతికి వచ్చాను. "అక్కడ సముద్రం రోజుకు రెండుసార్లు బాగా వెనక్కి పోతుంది, మళ్ళీ వస్తుంది. వెనక్కి పోయినప్పుడు నేల బయటపడిందని లోపలికి నడవకండి. అది మట్టి కాదు, పగడపు రాయి, కోస్తుంది. అచ్చం రాయిలాగే ఉండే చేప ఒకటి ఆ మడుగుల్లో కదలకుండా పడుంటుంది. దాని వీపు మీద విషపు ముళ్ళుంటాయి" అని చెప్పాను.

ఆ గుంపుకు పెద్ద కోదాడ దుకాణదారు. భారీ మనిషి, భారీ గొంతు, ఎవరికి ఏం కావాలన్నా ముందుండేవాడు. ఆయన లేచి, "అయితే సముద్రానిక్కూడా వారబందీ ఉందన్నమాట!" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. సాగర్ కాలువ నీళ్ళను వంతులేసుకుని వదలడాన్ని మావైపు వారబందీ అంటారు. నేనూ నవ్వాను, బాగానే అన్నాడు మరి.

కాలువ కిందివాళ్ళ సంగతి మీకు తెలియకపోతే ఇక్కడ చెప్పాలి. కాలువ కట్టేసిన మర్నాడు ఊళ్ళకు ఊళ్ళు కాలువలోకి దిగుతాయి. అడుగున మడుగుల్లో మిగిలిపోయిన చేపలను దేవుకోవడానికి గంపలు, బకెట్లు, పాత చీరలు పట్టుకుని పిల్లా పెద్దా అంతా దిగుతారు. చెప్పులు గట్టు మీదే వదిలేస్తారు, బురదలో ఇరుక్కుంటాయి కాబట్టి. ఆ గుంపులో అందరూ అట్లా పెరిగినవాళ్ళే. ఇప్పుడు కార్లలో తిరుగుతున్నా, నీళ్ళు తగ్గిన చోట చేప మెరిస్తే వాళ్ళ కాళ్ళు నిలవవు.

తిరుగు ప్రయాణానికి ముందురోజు పొద్దున అదే జరిగింది. నేను రిసార్ట్ ఆఫీసులో మర్నాటి ఓడ టికెట్ల గురించి మాట్లాడుతున్నాను. బయట సముద్రం కనుచూపుమేర వెనక్కి పోయింది. మోకాలి లోతు కూడా లేని మడుగుల్లో చేపలు తిరుగుతున్నాయి. కోదాడ ఆయన ఇసుకలో నిలబడి, "ఒరేయ్, సముద్రం బందైందిరోయ్!" అని కేక పెట్టాడట. అంతే. షాపు కౌంటర్ వెనక నుంచి లేవడానికి బద్ధకించే మనుషులు చెడ్డీలు వేసుకుని పరుగెత్తారు. బూట్లు మాత్రం వేసుకున్నారు, ఆ ఒక్క మాటా విన్నారు. చేపలు చేతికి చిక్కి జారిపోతుంటే, "మాస్టర్‌ను పిలువుండ్రి, గిన్నె పట్టుకొని రమ్మనుండ్రి" అన్నాడొకడు.

మాస్టర్ వచ్చాడు. లుంగీ ఎగ్గట్టాడు, చెప్పులు ఒడ్డున వదిలేశాడు, గిన్నెతో దిగాడు. ఆయన చేయి పడితే చేప తప్పించుకోలేదని వాళ్ళే తర్వాత మెచ్చుకున్నారు. గిన్నె సగానికి పైగా నిండిందట. అంతలోనే ఆయన పెట్టిన అరుపు నాకు ఆఫీసులోకి వినిపించింది.

నేను వెళ్ళేసరికి ఇద్దరు ఆయన్ను చంకల కింద పట్టుకుని ఒడ్డుకు తెస్తున్నారు. బొటనవేలి కింద చిన్న చిన్న రంధ్రాలు. మేం చూస్తుండగానే పాదం ఉబ్బుతోంది. మెడలోని తువ్వాలు నోట్లో కుక్కుకుని కొరుకుతున్నాడు. చెమటతో ఒళ్ళంతా తడిసిపోయింది.

"ఏం కాదండీ మేడం, జెల్ల గుచ్చింది" అన్నాడు కోదాడ ఆయన. "చిన్నప్పుడు కాలవలో మాకెన్నిసార్లు గుచ్చలేదు! పసుపు పెడితే సాయంత్రానికి తగ్గిపోద్ది."

ఆ మాట ఆయన నిబ్బరంగా అన్నాడు. అబద్ధమాడలేదు. కాలువలో జెల్ల చేప ముల్లు తెలిసినవాడికి ఇదీ అంతేనని అనిపించింది. ఇంతలో రిసార్ట్ మేనేజరు కుర్రాడు పరుగెత్తుకొచ్చి కాలు చూశాడు, మొహం పాలిపోయింది. ఇది ఆ రాతిచేపే, కాలు ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో పెట్టండి, ఆలస్యం చేయకుండా పక్క దీవి దవాఖానకు తీసుకెళ్ళండి అన్నాడు హిందీలో. అందరూ విన్నారు. హిందీ రానివాళ్ళకు నేను చెప్పాను.

సామాన్లు తెచ్చే పడవ పెద్ద ఊరికి వెళ్ళింది, సాయంత్రానికి గానీ రాదు. పడవలు ఆగే చెక్క వంతెన చివర ఉన్నది ఒక్కటే పడవ. అది మా గుంపు కోసమే పెట్టారు. నీళ్ళు తగ్గినప్పుడే బయటపడే ఇసుక తిన్నె ఒకటి సముద్రం మధ్యలో ఉంది, దాని మీద దిగి ఫోటోలు దిగడం ఆ టూరులో పెద్ద ఆకర్షణ. సూర్యాపేటలో బస్సెక్కినప్పటి నుంచీ దాని ముచ్చటే. "పడవ మీ గుంపు పేరున ఉంది మేడం. మీ పెద్ద సరేనంటే ఇప్పుడే అటు తిప్పిస్తాను" అన్నాడు మేనేజరు.

నేను కోదాడ ఆయన దగ్గరికి వెళ్ళాను. ఒకసారి కాదు, ఆయన వంతెన వైపు నడుస్తుంటే పక్కనే నడుస్తూ అడిగాను.

"ఒక్క గంట మేడం" అన్నాడు. "నీళ్ళొస్తే ఆ తిన్నె మునిగిపోద్దంట. మళ్ళీ ఈ జన్మలో వస్తామా ఇక్కడికి? మేం రాగానే పడవ మీదే, ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకెళ్ళండి. అప్పటిదాకా వేడినీళ్ళలో పెట్టమని ఆ అబ్బాయే చెప్పాడు కదా."

"ఆయనకు షుగర్ ఉంది సార్. కాలు చూసిన్రు గద ఎట్లయిందో. మీకు దండం పెడతా."

"అయ్యో, దండాలెందుకండీ! మేమేమన్నా పరాయివాళ్ళమా? గంటలో వచ్చేస్తాం."

వెనక నుంచి ఒకాయన మెల్లగా, మర్యాదగా అడిగాడు. "మరి రాత్రికి వంటెట్ల మేడం?"

ఆ మనిషి వెటకారానికి అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. ఇన్నేళ్ళలో నన్ను చాలామంది తిట్టారు, సామాను నా మీద విసిరినవాళ్ళూ ఉన్నారు, ఒక్కరి మొహమూ గుర్తులేదు. ఈయన మొహం మాత్రం రాత్రి కళ్ళు మూస్తే వస్తుంది.

వాళ్ళు పడవెక్కారు. కోదాడ ఆయన భార్య ఒక్కామె ఎక్కలేదు. తలనొప్పిగా ఉందని భర్తతో చెప్పి, నా వెనకే వచ్చి మాస్టర్ పొయ్యి వెలిగించింది. నేను చేతికందిన పెద్ద గిన్నెలో నీళ్ళు కాచి తెస్తే, అంత నొప్పిలోనూ మాస్టర్ నోట్లోని తువ్వాలు తీసి, "అది పాలు కాసే గిన్నె మేడం, దాంట్ల కాలు పెట్టకుండ్రి" అన్నాడు. నీళ్ళు బకెట్లో పోశాం. చల్లారినప్పుడల్లా ఆమె మళ్ళీ కాచి తెచ్చింది. వేడి తగిలినంతసేపు ఆయనకు కాస్త ఊపిరి ఆడేది.

గంట అన్నది రెండు గంటలకు తక్కువ కాలేదు. అక్కడ ఎండ బాగుందట, ఫోటోలు బాగా వచ్చాయట. తడి బట్టలతో నవ్వుకుంటూ దిగారు, మాస్టర్‌ను చూసి నవ్వు ఆపారు. పాపం, పాపం అన్నారు. అందరూ తలో చేయి వేసి ఆయన్ను పడవలోకి ఎక్కించారు. ఒకాయన తన శాలువా కూడా కప్పాడు. మాస్టర్‌కు అప్పటికే చలిజ్వరం పట్టుకుంది, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. పక్క దీవి దవాఖానలో డాక్టరు నొప్పికి సూది ఇచ్చి, దీనికి సరైన మందు తన దగ్గర లేదని పెద్ద ఊరికి రాసిచ్చాడు. అక్కడికి ఓడ మర్నాడు పొద్దున. ఆ రాత్రి గుంపు ఆ చేపలు వృథా కానివ్వలేదు, రిసార్ట్ వంటవాళ్ళతో వేయించుకుని తిన్నారని తర్వాత తెలిసింది. చాలా బాగున్నాయట.

మనూరికి తెచ్చాక పుండు మానలేదు. షుగర్ మనిషి కదా. వేళ్ళు నల్లబడ్డాయి. మొదట రెండు వేళ్ళు తీశారు, తర్వాత పాదం ముందు సగం తీసేశారు. పొద్దుటి నుంచి రాత్రి దాకా పొయ్యిల ముందు నిలబడే మనిషికి నిలబడటమే పోయింది.

ఆ రెండు గంటల వల్లే పాదం పోయిందని నేను ఎక్కడా ప్రమాణం చేయలేను. సూర్యాపేట డాక్టరును అడిగాను. "ముందొస్తే బాగుండేదే. కానీ ఖచ్చితంగా చెప్పలేమమ్మా" అన్నాడు. ఆ చెప్పలేమన్న మాటనే అందరూ పట్టుకున్నారు. కోదాడ ఆయన ఫోన్ చేసి అదే అన్నాడు. మా ఓనరూ అదే అన్నాడు. "డాక్టరే చెప్పలేనంటున్నడు, మధ్యల నువ్వెందుకు చెప్తున్నవ్? ఆయనను సముద్రంలకు పొమ్మని ఎవరన్న మెడవట్టి నూకిన్రా?"

తర్వాతి గుంపుకు జాగ్రత్తలు చెప్పేటప్పుడు ఈ సంగతి ఎత్తొద్దని ఓనరు గట్టిగా చెప్పాడు. నేను ఎత్తాను. పేర్లు చెప్పలేదు, జరిగింది జరిగినట్టు చెప్పాను. కొన్ని కుటుంబాలు టూరు మానుకున్నాయి. మర్నాడు నన్ను బస్సు టికెట్ల కౌంటర్‌కు మార్చారు. జాగ్రత్తలు చెప్పే పని మా ఆఫీసులోని ఇంకొక అబ్బాయికి ఇచ్చారు. మంచి మాటకారి, తెర మీద బొమ్మలు వేసి నవ్విస్తూ చెప్పేవాడు, రాతిచేప దగ్గర కూడా జనం నవ్వేవారు. నేను హైదరాబాద్, విజయవాడ, కిటికీ సీటా మామూలు సీటా అని అడుగుతూ అక్కడే పని చాలించాను. వీడ్కోలు రోజున ఓనరు శాలువా కప్పి, నిజాయితీ గల మనిషి అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేదు కూడా.

మొన్న మిర్యాలగూడలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల వెనకవైపు మాస్టర్ కనిపించాడు. పొయ్యిల దగ్గర వేరే మాస్టర్ ఉన్నాడు. ఈయన స్టూలు మీద కూర్చుని, ఉల్లిగడ్డల బస్తా ముందు పెట్టుకుని కోస్తున్నాడు. పక్కన చేతికర్ర ఉంది. నేను ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆరోగ్యం, పిల్లలు, ఇంటి సంగతులు మాట్లాడుకుంటుంటే కోదాడ ఆయన ప్లేటు పట్టుకుని మంచి ముక్కల కోసం ఇటే వచ్చాడు. మాస్టర్‌ను గుర్తుపట్టి మొహం విప్పారింది.

"మాస్టారూ! బాగున్నారా? అండమాన్ గుర్తుందా? భలే ఎంజాయ్ చేశాం కదా అప్పుడు!"

"ఉంది సార్" అన్నాడు మాస్టర్, నవ్వుతూ. ఆయన మాస్టర్ భుజం తట్టి, నన్ను చూసి తలూపి, ముక్కలు వేయించుకుని వెళ్ళిపోయాడు. ఆ చేతికర్ర ఆయన కంట పడిందో లేదో నాకు తెలియదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎందుకన్నా ఊకున్నవ్? ఒక్క మాటన్న అనొద్దా?" అన్నాను.

మాస్టర్ ఉల్లిగడ్డ కోయడం ఆపలేదు. "ఏమనాలె మేడం? రమ్మని పిల్చినందుకు నాకు కోపం లేదు. నాకు గూడ పోబుద్ధయింది. అన్ని దినాలు ఎనకాల రేకుల షెడ్డుల పొయ్యి కాడనే ఉంటి. సముద్రం మొకం సూసింది గా ఒక్క పూటనే. నీళ్ళు కాళ్ళకు సల్లగ తగిలినయ్. మస్తు సంబరమైంది."

ఇంకొక ఉల్లిగడ్డ తీసుకున్నాడు.

"మీరు నీళ్ళు కాగబెడ్దామని లోపటికి పోయిన్రు. నేను అరుగు మీద కూసున్న, కాలు పట్టుకొని. పడవ నా ముంగటికెల్లే పోయింది. అండ్ల ఉన్నోళ్ళందరు నా దిక్కు సూసి చేతులూపిన్రు."

"మరి నువ్వేం జేసినవ్?"

"ఏం జేస్త మేడం? నేను గూడ ఊపిన."